మే నెలలో ఉన్ని అంగీ

"పాపకి మళ్ళీ జ్వరమొచ్చింది! ఒళ్ళు పెనంలా కాలిపోతోంది!"

రోజూ సాయంత్రం నాలుగింటికి మా ఫ్యాక్టరీలో పిల్లల్ని చూసుకునే క్రెష్ గుమ్మంలో ఈ కేక వినిపించేది. కేక నాది. జ్వరం మా తొమ్మిది నెలల స్నిగ్ధది. ఇంటికెళ్ళేసరికి తగ్గిపోయేది. ఆదివారాలు అసలు వచ్చేదే కాదు. కాబట్టి తప్పు క్రెష్‌దేనని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నేను తేల్చేశాను.

ఈ జ్వరాన్ని కుదిర్చింది డాక్టర్ కాదు, యాదగిరి కాకా. ఆయనలో ఉన్న వింత ఒక్కటే. మే నెల ఎండలో ఉన్ని చొక్కా తొడుక్కుంటాడు.

అది మామూలు చొక్కా కాదు. ఎరుపూ నలుపూ పెద్ద పెద్ద గళ్ళు, దుప్పటంత మందం. ఒకసారి ప్యాకింగ్ కాటా మీద పెడితే కిలో నూట యాభై గ్రాములు తూగింది. చలికాలంలో పటాన్‌చెరు రోడ్డు పక్కన స్వెటర్లమ్మేవాళ్ళ దగ్గర కొన్నాడట. ఆ మందంలో ఎక్కడో గొర్రె కూడా ఉండిపోయిందని మా ల్యాబ్‌లో అనుకునేవాళ్ళం.

పక్కనే ఉన్న ఇంద్రేశంలో తన పొలం ఇళ్ళ ప్లాట్లయ్యాక కాకా మా మందుల ఫ్యాక్టరీలో కోల్డ్ రూమ్ తలుపు దగ్గర పనికి కుదిరాడు. లోపల నాలుగు డిగ్రీలు, బయట నలభై రెండు. కాకా ఉండేది బయట! చెమట అంటకుండా లోపల రెండు బనీన్లు, మెడకో తువ్వాలు, పైన ఈ గళ్ళ చొక్కా. రొట్టె కాల్చుకున్నట్టు ఎండలో ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతూ నిలబడేవాడు.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే శ్రీకాంత్ ఊరుకునే రకం కాదు.

"కాకా, కశ్మీర్ బస్సు ఎప్పుడొస్తదే?"

"నీ పెండ్లిపిల్ల ఎక్కినంక వస్తదిరా. గందుకే గింత లేటు."

నేనూ ఓసారి అడిగాను.

"చలిగా ఉందా కాకా?"

"లేదు బిడ్డా."

"మరి తీసెయ్యొచ్చుగా?"

"ఇంక వేడి కాలే."

ఏది వేడి కాలేదో చెప్పలేదు.

ఆ రోజు కూడా ఎప్పటిలాగే కోల్డ్ రూమ్‌లో అరగంట కూర్చుని ఉష్ణోగ్రతలు రాసుకుని, క్రెష్‌కి పరుగెత్తి పాప నుదురు ముట్టుకున్నాను. అదే వేడి! థర్మామీటర్ తొంభై ఎనిమిదే చూపించింది. అది మూడోది. మొదటి రెండింటినీ అబద్ధాలకోర్లని అవతల పారేశాను. తల్లి చెయ్యి అబద్ధమాడదని మా అమ్మ అంటుంది మరి.

ఇక లాభం లేదు. నాలుగేళ్ళు తిరిగి సంపాదించిన ఉద్యోగానికి రాజీనామా రాసి, పాపను చంకనేసుకుని మేనేజర్ గదికి బయల్దేరాను. దారిలో కాకా అడ్డుపడ్డాడు.

"ఏంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్?"

"పాపకి రోజూ జ్వరం కాకా. ఉద్యోగం మానేస్తున్నా."

కాకా పాపను ఎత్తుకుని మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. పాప ఆయన చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది.

"ఏడున్నది జెరం? ఏదీ, నీ చెయ్యి సూపియ్యి."

"నాకు కాదు కాకా, పాపకి!"

"సూపియ్యమంటున్న గదా!"

ముట్టుకుని ఉలిక్కిపడ్డాడు. "అవ్వో! గివి చేతులా, ఐసు పుల్లలా?"

పాపను పక్కనున్న అట్టపెట్టె మీద కూర్చోబెట్టి, చొక్కా విప్పి నా రెండు చేతులకీ చుట్టాడు. అప్పుడే పెనం మీంచి దించిన జొన్నరొట్టెలా ఉంది. రెండు నిమిషాలాగి, "ఇగ ముట్టు" అన్నాడు.

ముట్టుకున్నాను. జ్వరం లేదు. అసలు ఎప్పుడూ లేదు! చల్లటి చేతికి మామూలు ఒళ్ళు కూడా వేడిగానే తగులుతుందన్నది చిన్న తరగతి పాఠం. ల్యాబ్‌లో ప్రతి పరికరాన్నీ సరిచూసే నేను, నా చేతుల్ని మాత్రం సరిచూసుకోలేదు. నెల రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయి, ఏడుస్తూనే నవ్వేశాను.

ఇంతలో కోల్డ్ రూమ్ తలుపు తెరుచుకుంది. పెట్టెలు మోసే బాలరాజ్ కంపెనీ జాకెట్టు లోపలే వదిలి, పళ్ళు టకటకలాడిస్తూ బయటికొచ్చాడు. వస్తూనే అలవాటుగా చెయ్యి చాపాడు.

"కాకా, అంగీ!"

"జెర ఆగురా. ఇయ్యాల మొదటి వంతు మేడంది."

ఏది వేడి కావాలో, ఎవరి కోసమో నాకప్పుడు అర్థమైంది.

"ఎండలో ఆరేస్తే సరిపోదా కాకా? తొడుక్కుని మాడటం ఎందుకు?"

"ఆరేస్తే ఎంత కాలిందో నాకెట్ల ఎర్క? పోరగాండ్ల ఈపులు సుర్రుమనవా?"

నా చేతిలోంచి జారిన రాజీనామా కాగితాన్ని అప్పటికే స్నిగ్ధ సగం నమిలేసింది. మిగతా సగం నేనే దాని నోట్లోంచి లాగి పారేశాను.

ఇప్పుడు క్రెష్ గుమ్మంలో కేకల్లేవు. నాలుగింటికి నేను కాకా పక్కన ఎండలో నిలబడి చేతులు రుద్దుకుంటూ ఉంటాను. శ్రీకాంత్ కశ్మీర్ బస్సుకి ఇద్దరు ప్యాసింజర్లంటాడు. అననీ. ఆ రోజు చొక్కా తిరిగిస్తుంటే కాకా అన్న మాట నేను తప్పను:

"ఊకె కేకలేసుకుంట ఒర్రకు బిడ్డా. ముందుగాల్ల నీ చేతులు ఎచ్చగ జేస్కో, గటెంక పిల్లను ముట్టు."