బెల్లం నీళ్ళలో ట్రాక్టర్ మూతి

ఈ నాలుగు ముక్కలు రాస్తున్నందుకు సమస్త పాఠకలోకానికి, తెలుగు వ్యాకరణానికి, దీన్ని అచ్చు వేయబోయే యంత్రానికి, ఆ యంత్రంలోని ప్రతి మరమేకుకీ నా సాష్టాంగ క్షమాపణలు. పెద్దవాళ్ళు పోతే పెద్దవాళ్ళు రాయాలి. నాకు ఇంజనీరింగ్ పట్టా తప్ప వేరే అర్హత లేదు. ఆ పట్టాతో ఇంతవరకు నేను బిగించినది మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు ఒక్కటే, అదీ మర్నాడే ఊడింది. అయినా రాయక తప్పదు. మా మావయ్య పోయాడు.

మొన్న మంగళవారం పొద్దున్న విజయనగరంలో బస్సు కోసం నిలబడి ఉండగా అత్త ఫోన్ చేసింది.

"ఒరే, మీ మావ ఎలిపోయాడ్రా. లేసి కూకుని, ట్రాక్టర్ మీద బరకం కప్పేవా అని అడిగాడు. కప్పేనన్నాను. మళ్ళీ పడుకున్నాడు. అంతే." తర్వాత మెల్లగా అంది, "నిజానికి కప్పలేదురా."

చీపురుపల్లి దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో మావయ్యకి ఉన్నవి రెండెకరాలు, ఒక ఆయాసం, ఒక ట్రాక్టర్. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ మొదట వచ్చిన ట్రాక్టర్ అదే. మా తాత తోలేవాడు. తాత పోయాక మూలపడింది. మూలపడ్డ బండిని ఊరు ఊరికే వదలదు కదా. ఒక మడ్‌గార్డు బావి మీద మూత అయింది. సీటు మంగలి కొట్టుకి చేరి, ముప్పై ఏళ్ళు ఊళ్ళో వాళ్ళ బరువు మోసింది. పొగగొట్టం ఎవరి వంటింటి కప్పులోంచో బయటికి తొంగిచూసింది. మావయ్య వాటిని ఒక్కొక్కటే వెతికి, బతిమాలి, మోసుకొచ్చాడు. పన్నెండేళ్ళు పట్టింది. ఇంజను ఎప్పుడో స్టార్టయింది గానీ బండిని పొలంలోకి దింపలేదు. దాని ముక్కలన్నీ దాని ఒంటి మీదకి వచ్చాకే, తాత దున్నిన మడిలో ఒక్క చాలు తోలాలి. అదీ ఆయన పట్టు.

"కొత్త రేకులు దొరుకుతున్నాయి కదా మావా," అన్నాను ఒకసారి.

"ముక్కు తెగినోడికి లక్క ముక్కు అతికించీసి, అందగాడంటే ఒప్పుకుంటావేటి?"

నేను చదువుకున్నవాణ్ణి కనక, తుప్పు వదలడానికి గ్రైండర్ పెట్టమని సలహా ఇచ్చాను. ఆయన నా వంక జాలిగా చూశాడు.

"అది తుప్పునీ ఇనుమునీ కలిపి తినేస్తాదిరా అల్లుడూ. తుప్పుని పొమ్మనాల, ఇనుముని ఉండమనాల. నీ కాలేజీలో ఈ ముక్క సెప్పలేదేటి?"

చెప్పలేదు. నాలుగేళ్ళూ హాజరు మాత్రం తీసుకున్నారు.

చివరికి ఒకే ఒక ముక్క మిగిలింది. ట్రాక్టర్ మూతి. రేడియేటరు ముందు నిలబడే పోత ఇనుము చట్రం అది, నిలువునా గాడులుంటాయి. అది లేక బండి పళ్ళు ఊడిన ముసలాడిలా ఉండేది. శృంగవరపుకోట వైపు ఒక పల్లెలో ఉందని ఎవరో చెబితే, ఇద్దరం నా బైకు మీద వెళ్ళాం. ఒక ముసలమ్మ దాన్ని కోళ్ళగూటికి తలుపుగా ఆనించుకుంది.

"అట్టుకుపోతే నా కోళ్ళకి తలుపేటి? నువ్వు కూకుంటావా అడ్డంగా?" అంది.

మావయ్య జేబులోంచి టేపు తీసి గూడు కొలత పట్టాడు. వారం తిరక్కుండా వేపచెక్క తలుపు చేసి, బందులు బిగించి, గొళ్ళెం పెట్టి మరీ పట్టుకెళ్ళాడు. ముసలమ్మ గొళ్ళెం నాలుగుసార్లు వేసి తీసి చూసుకుని, "ఇలాటివోడు అల్లుడుగా దొరికితే బాగున్ను," అంది. తిరుగు ప్రయాణంలో మూతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా నా వీపు మీద చరిచాడు.

దాని తుప్పు వదిలించడానికి మావయ్య దగ్గర సొంత విద్య ఉంది. బెల్లం వండేచోట తీసి పారేసే మడ్డి గుంటలో ఎప్పుడో ఒక గొలుసు పడి, కొన్నాళ్ళకి తళతళలాడుతూ బయటికి రావడం ఆయన చూశాడట. అప్పటినుంచి పాడైన బెల్లం తెచ్చి డ్రమ్ములో నీళ్ళు కలిపి, ముక్కని అందులో ముంచి రెండు వారాలు వదిలేసేవాడు. ఆ నీళ్ళు పులిసి, నురగలు కక్కి, వీధి వీధంతా కంపు కొట్టేది. ఈ సంగతి తెలియనివాళ్ళు చూస్తే అది అచ్చం నాటుసారా ఊట.

పదో రోజున ఊళ్ళో మహిళా సంఘం వాళ్ళు అలాగే చూశారు. మావయ్య చీపురుపల్లికి రంగు కొనడానికి వెళ్ళాడు. అత్త పొలంలో ఉంది. సంఘానికి పెద్దగా ఉన్నావిణ్ణి ఊరి వరసకి నేను పిన్ని అంటాను. ఆమె భర్త సారా తాగే పోయాడు. ఆమె చేతిలో గునపం ఉంటే అడిగి పొడవదు. డ్రమ్ము పక్కకి రెండు పోట్లు పొడిచింది. మొదటి పోటుకి నీళ్ళు వచ్చాయి. రెండోదానికి లోపలినుంచి శబ్దం వచ్చింది.

పోత ఇనుముకి వంగడం రాదు. నాలుగు ముక్కలైంది.

నేను వెళ్ళేసరికి మావయ్య బురదలో కూర్చుని ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేరుస్తున్నాడు. ఎదురుగా పిన్ని ఏడుస్తోంది.

"ఎవరు సెప్పేరమ్మా, సారా అని?"

"ఎవులూ సెప్పలేదన్నా. వాసనొచ్చింది. నా సేతులు ఇరిగిపోను."

"ఊరుకో. నీ తప్పేటుంది? నీకొచ్చిన వాసన మరి అలాటిది," అని ఆమెనే ఓదార్చాడు.

ఆ తర్వాత మూడుసార్లు అతికించాడు. పోత ఇనుము వెల్డింగు వేడి చల్లారేటప్పుడే పగులుతుంది. అందుకని వెల్డింగు కాగానే దాన్ని ఊక బూడిదలో పాతిపెట్టి, మర్నాటిదాకా కదిలించేవాడు కాదు. ఆ గుట్ట పక్కన పీట వేసుకుని, చెవి దానివైపు పెట్టి కూర్చునేవాడు. రెండుసార్లు బూడిదలోంచి "టంగ్" మంది. మూడోసారి ఏ చప్పుడూ రాలేదు. మర్నాడు అత్త, నేను, పిన్ని చుట్టూ నిలబడ్డాం. మావయ్య చేత్తోనే బూడిద తోసి, దాన్ని లేపి వెలుతురుకి పట్టాడు. అతుకు పక్కనుంచి పైదాకా వెంట్రుకంత సన్నటి వెలుగు.

"ఇంక దీనికి ఉండాలని లేదురా," అన్నాడు. మళ్ళీ అతకలేదు.

ఆయన గుండె ఎప్పటినుంచో బాగులేదని డాక్టరు చెప్పాడు. నేను దాన్నే పట్టుకుని వేలాడుతున్నాను. కానీ ఆ బూడిద తర్వాత ఆయన ట్రాక్టర్ దగ్గరికి వెళ్ళింది బరకం కప్పడానికే. చాలు తోలలేదు. ఇప్పుడు ఆ బండి పాత ఇనుము కొట్టుకి పోతుంది. అత్త వద్దనదు, నేను ఆపలేను, నాకు అతకడం రాదు. అంత్యక్రియల నాడు పిన్ని దూరంగా నిలబడి, "నా సేతుల్తోనే సంపీసేను," అని ఎవరు పలకరించినా అదే మాట అంది. నేనూ పలకరించాను. నాతోనూ అదే అంది.

అందుకని ఇది అచ్చులో ఉండాలి. సారా అని ఆమెకి వాసన చెప్పలేదు. నేను చెప్పాను.

డ్రమ్ము పగలడానికి రెండు రోజుల ముందు, పాల కేంద్రం దగ్గర పిన్ని కనిపించి, "ఏటి బాబూ, మీ మావ పెరట్లో ఆ డ్రమ్మేటి?" అని అడిగింది. నేను నా ప్రసిద్ధ గంభీర ముఖం పెట్టాను. "మొదటి కాపు పిన్నీ. ఆదివారానికి దిగుతాది. మావకి సెప్పకు, ముందు సీసా నీకే," అన్నాను. బురద దగ్గర మావయ్య ఎవరు చెప్పారని అడిగినప్పుడు, ఆమె తల తిప్పి నన్ను చూసింది. చూసి కూడా, ఎవరూ చెప్పలేదనే జవాబిచ్చింది. నేను నోరు మెదపలేదు.

ఆ రోజు పాల కేంద్రం దగ్గర ఆమె నవ్వలేదు. ఇద్దరి వాటా నేనే నవ్వేసి బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే, పాలకేను మూత చేతిలో పట్టుకుని, మూయడం మరిచిపోయి, ఆమె అక్కడే నిలబడి ఉంది.