పలకల షెడ్డు పాట కోసం: కొనకనమిట్ల, మార్కాపురం, గిద్దలూరు

మా రమణక్కకు పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పడిపోయాయి. చెయ్యి కొంచెం కొంచెంగా కదులుతోంది కానీ మాట మాత్రం రాలేదు. మనం చెప్పేవన్నీ అర్థమవుతాయి. నవ్వాల్సిన చోట నవ్వుతుంది, కోపం వస్తే మొహం తిప్పుకుంటుంది. నోరు తెరిస్తే మాత్రం "అ... అ..." తప్ప ఏమీ రాదు. వైద్యం కోసం రెండు నెలలు ఒంగోలులో మా ఇంట్లోనే ఉంది. అప్పుడు మాటలు నేర్పించడానికి వచ్చే అమ్మాయి నాతో ఒక సంగతి చెప్పింది. "మాట పోయినవాళ్ళలో కొందరు పాడగలుగుతారండీ. వయసులో ఉన్నప్పుడు ఆమె బాగా పాడిన పాట ఏదైనా వినిపించండి. ఒక్క ముక్క అందుకున్నా, దాన్ని పట్టుకుని మిగతావి లాగొచ్చు" అంది. గ్యారంటీ ఏమీ లేదని కూడా చెప్పింది. అక్క గిద్దలూరులో తన ఇంటికి వెళ్ళిపోయాక ఆ మాట నా బుర్రలోంచి పోలేదు. ఒక శనివారం సెలవు పెట్టి, ఆమె పాటలు పుట్టిన ఊళ్ళ మీదుగా గిద్దలూరు బయల్దేరాను.

ఒంగోలు బస్టాండులో ఉదయం ఆరు గంటలకు పొదిలి మీదుగా మార్కాపురం పోయే బస్సు ఎక్కాను. టికెట్ నూటయాభై లోపే. దారిలో దిగి మళ్ళీ ఎక్కితే కాస్త ఎక్కువవుతుంది, పెద్ద భారమేమీ కాదు. కిటికీ పక్కన కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. నాకు ఫలానా సంగీతమే అన్న పట్టింపు లేదు. నాదస్వరం వింటే అక్క పెళ్ళిలో, తాళి కట్టే సమయానికి వాయించేవాడు కనపడక ఊరంతా వెతికితే, వంటల దగ్గర బూందీ తింటూ దొరికిన సంగతి గుర్తొస్తుంది. గజళ్ళు కర్నూలు హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితుడు చొక్కాలు ఇస్త్రీ చేస్తూ పెట్టేవాడు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇప్పటికీ గజల్ వింటే నాకు కాలిన గుడ్డ వాసన వస్తుంది. మా అమ్మాయి ఫోన్లో ఎక్కించిన ర్యాప్ పాటలు కూడా వింటాను. ఆ పాడేవాడు ఊపిరి ఎక్కడ తీసుకుంటాడో కనిపెట్టడమే నాకు కాలక్షేపం. ఇన్ని పాటలున్నాయి కానీ వాటిలో అక్కవి ఎన్ని అని లెక్కేసుకుంటే, నేను విన్నవే తప్ప ఆమె పాడినవి ఒక్కటీ లేవు. పొదిలి దాటేసరికి ఇయర్‌ఫోన్లు తీసేసి జేబులో పెట్టుకున్నాను.

ఎనిమిదిన్నర ప్రాంతంలో కొనకనమిట్లలో దిగాను. మా సొంత ఊరు అక్కడికి దగ్గరే. వర్షం మీద ఆధారపడ్డ చేలు వరుసగా ఎండిపోతే, మా నాయన సంసారాన్ని మార్కాపురానికి మార్చాడు. అక్క అక్కడి పలకల షెడ్డులో పనికి చేరింది అప్పుడే. కొనకనమిట్లలో ఇంకా ఉన్నది మా వెంకటసుబ్బయ్య బాబాయి. ఒకప్పుడు చుట్టుపక్కల పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం ఈయనదే. టీ బంకు దగ్గర విషయం చెప్పి, ఒక పద్యం పాడమని ఫోన్ చాపాను.

"ఉండు నాయనా, పళ్ళు ఇంట్లో ఉండాయి" అని లేచినాడు. "పళ్ళు లేకుండా పాడితే రాగమంతా గాలికి పోతది. కృష్ణుడు ముసలోడైనాడనుకుంటారు."

పావుగంటకు పళ్ళు పెట్టుకుని, పనిలో పనిగా తెల్ల కండువా కూడా వేసుకుని వచ్చాడు. బంకు ముందు నిలబడి ఒక పద్యం ఎత్తుకున్నాడు. రాగం తీసిన తీరుకు టీ తాగేవాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. బంకువాడు ఆయన దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు, నా దగ్గర తీసుకున్నాడు. ఫోన్ నాకిచ్చేస్తూ బాబాయి అన్నాడు: "ఇది మీ అక్క వినే పద్యం నాయనా, పాడేది కాదు. అది నోరిప్పి పాడిందంతా షెడ్డులోనే. ఖాశింబి అని ఒకామె ఉండాది, ఇద్దరూ ఒక జట్టు. ఆమెను అడుగు పో."

పది గంటల బస్సులో మార్కాపురం చేరాను. బస్టాండు నుంచి షెడ్ల వైపు పోవడానికి ఆటో మాట్లాడుకున్నాను. ఆటోలో డీజే పాట మోగుతోంది. సీటు కింద స్పీకర్ పెట్టెలు అదురుతున్నాయి. "కొంచెం తగ్గించు అన్నా" అంటే డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "సౌండు తగ్గిస్తే ఇంజను చప్పుడు వినపడతది సార్. అది వింటే మీరు ఎక్కరు" అన్నాడు. షెడ్డు ముందు దింపి, "పలకలు కొనేదానికా?" అన్నాడు. పాట కోసమంటే నమ్మినట్టు లేదు.

ఇప్పుడు ఈ షెడ్లలో బడిపిల్లల పలకలు తక్కువ, గోడలకూ నేలకూ వేసే రాతి బిళ్ళలు ఎక్కువ. కోత మిషను చప్పుడులో పక్కమనిషి మాట కూడా వినపడదు. ఖాశింబక్క బిళ్ళల్ని వరుసల్లో పేరుస్తోంది. అరవై దాటిన మనిషి. నా పేరు చెప్పగానే చేతుల దుమ్ము దులుపుకుని నా గడ్డం పట్టుకుంది. "రమణ తమ్ముడివి శీనయ్యవా? క్యారేజీ తెచ్చేటోడివి, దార్లో సగం తినేటోడివి" అంది. అక్క సంగతి ఆమెకు అంతకుముందే తెలుసు. వచ్చిన పని చెప్పాను. "మిషను ఆగనీ. భోజనాల యాళకు పాడతా" అంది.

ఒంటిగంటకు మిషను ఆగింది. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి నాకూ పెట్టి, ఆమె ఆ పాట పద్ధతి చెప్పింది. అప్పట్లో ఆడవాళ్ళంతా వరుసగా కూర్చుని, నీళ్ళు చల్లుకుంటూ రాతి పలకల్ని నునుపు చేసేవాళ్ళు. చేతులు ఒకే ఊపులో పోవడానికి పాట. ఒకామె ఎత్తుకుంటుంది:

"రాయి నునుపాయె చూడవే చెల్లెలా
చెయ్యి ఆగిందెవరిదో చెప్పవే చెల్లెలా"

తర్వాత, ఆ క్షణాన పని ఆపి ఖాళీగా ఉన్న మనిషి పేరు పెట్టి "ఫలానామె చెయ్యే ఆగిందీ" అని పాడుతుంది. పేరు పడ్డ మనిషి ఊరుకోకూడదు. "నాది కాదే నాది కాదే" అని అందుకుని, చుట్టూ చూసి, ఖాళీగా ఉన్న ఇంకొకరి పేరు పెట్టాలి. జవాబు పాడలేకపోతే ఆ పూట అందరికీ నీళ్ళు మోసేది ఆమే.

"అబద్ధం పేరు పెడితే ఒప్పుకునేటోళ్ళం కాదు" అంది ఖాశింబక్క. "నిజంగా ఖాళీగా ఉన్నోళ్ళనే పట్టుకోవాల. చిన్నా పెద్దా లేదు, మేస్త్రీ కనపడితే మేస్త్రీ పేరే. మీ అక్క ఒక్కనాడు నీళ్ళు మోయలేదు. ఎవురి పేరైనా పెట్టేది."

నేను ఫోన్ ఆన్ చేశాను. రెండు చరణాలూ పాడి, పేరు దగ్గరికొచ్చేసరికి ఆమె ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి, పక్కన రొట్టె తింటున్న ఒకామె పేరు పెట్టింది. నాకు అర్థం కాలేదు. "అక్క పేరు పెట్టక్కా" అన్నాను.

"ఎట్ల పెట్టేది తమ్ముడూ?" అంది. "దాని చెయ్యి నిజంగానే ఆగిపోయినాది గదా. నేను ఎగతాళి చేసినట్టుండదా? మీ బావ ఏమనుకుంటాడు?"

రొట్టె తింటున్న ఆమె తల ఎత్తకుండానే అంది: "పేరు పడకపోతే జవాబు ఎందుకిస్తది?"

ఖాశింబక్క కాసేపు నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. తర్వాత కొంగు నోటికి ఒకసారి అద్దుకుని పాడింది. "రమణమ్మ చెయ్యే ఆగిందీ..." ఊపు తప్పలేదు. పాడి ఊరుకుంది. పాట అయిపోయిందనుకుని నేను ఫోన్ వైపు వేలు చాపాను. "ఆపబాక" అని నా చెయ్యి పట్టుకుంది. "అది మీ అక్క వంతు. మొదటిసారి పలకదు, అది ఎప్పుడూ ఆలస్యంగానే అందుకుంటది." అలా ఖాళీ వదిలి, మళ్ళీ పాడి, మళ్ళీ ఖాళీ వదిలి, నాలుగైదు సార్లు పాడింది. ఇంతలో మిషను మొదలైంది.

గిద్దలూరుకు రైలు కూడా ఉంది కానీ స్టేషను ఊరికి దూరం, బండ్లు తక్కువ. నాకు వీలైంది కంభం మీదుగా పోయే బస్సు. రెండు గంటలకు పైనే పడుతుంది. కంభం దాటాక కుడివైపు కూర్చుంటే నల్లమల కొండలు చాలాసేపు కనపడుతూనే ఉంటాయి. చూడముచ్చటైన దారే. నేను మాత్రం సగం దారి, ఈ పాట వినిపించొచ్చా వద్దా అన్న ఆలోచనలోనే గడిపాను. వింటూ అక్క ఏడిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియదు.

మా బావ సుబ్బరాయుడికి గిద్దలూరు బజారులో కరెంటు సామాన్ల దుకాణం. నేను వస్తున్నానని దుకాణం కొడుకుకు అప్పగించి ఇంట్లోనే ఉన్నాడు. అక్క మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి ఎడమచేత్తో మంచం పట్టె తట్టి, కూర్చోమంది. బావ నా చేతికి మంచినీళ్ళిచ్చి, "పాటకు నోరొస్తదంటావా?" అన్నాడు. "నా పేరు పెట్టి పిలవమని నేను అడగను. ముందు మాత్రం ఎప్పుడు పిలిచింది? పెండ్లైన కాడి నుంచి 'ఇదిగో' తప్ప మాట లేదు. ఆ 'ఇదిగో' వచ్చినా చాలు నాకు."

అతనలా అంటాడనుకోలేదు. ఎప్పుడూ ఫ్యాన్ల రేట్లు తప్ప మాట్లాడని మనిషి.

మొదట బాబాయి పద్యం పెట్టాను. అక్క కళ్ళు మూసుకుని విని, అయిపోగానే ఎడమచేత్తో మళ్ళీ పెట్టమని సైగ చేసింది. పాత సినిమా పాటలు రెండు పెడితే తల ఊపింది. నోరు కదపలేదు. ఇక, మధ్యలో మా మాటలు దాటించి షెడ్డు పాట పెట్టాను. నేను ఫోన్ పట్టుకుని ఉన్నాను. కోడలు కింద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. బావ కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

ఖాశింబక్క గొంతు వినగానే అక్క నడుము నిటారయింది. "రమణమ్మ చెయ్యే ఆగిందీ" అన్నప్పుడు బావ నా వైపు చురుగ్గా చూశాడు. ఖాళీ వచ్చింది. వెళ్ళిపోయింది. రెండోసారి అక్క ఎడమచెయ్యి దుప్పటి మీద ముందుకూ వెనక్కూ రుద్దడం మొదలుపెట్టింది. పెదాలు కదిలాయి, శబ్దం లేదు. మూడోసారి ఖాళీ రాగానే అక్క తల తిప్పి అందరినీ చూసింది. కోడల్ని చూసింది, నన్ను చూసింది. ఇద్దరికీ చేతుల్లో పని ఉంది.

"నాది... కాదే, నాది కాదే" అంది. అనడం కాదు, పాడింది. "సుబ్బరాయుడి చెయ్యే ఆగిందీ."

కోడలు మిరపకాయలు వదిలేసి చేత్తో నోరు మూసుకుంది. బావకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవుల దాకా ఎర్రబడ్డాడు. "ఏంది, నా పేరు దానికి తెలుసా?" అన్నాడు, ఎవరినడుగుతున్నాడో తెలియకుండా. అక్క చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పద్ధతి చెప్పగానే బావ మారు మాట్లాడకుండా బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గరికి పోయినాడు. చాలాసేపు రాలేదు. నేను బయటికి వెళ్ళి చూస్తే బిందె నిండి పొర్లిపోతోంది, ఆయన కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

అక్క బాగైపోయిందని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. రాగం లేకుండా ఇప్పటికీ "నీళ్ళు" అనలేదు. ఖాశింబక్క రోజూ భోజనాల వేళ ఫోన్ చేసి పాడుతుంది. ఇప్పటికి అక్క ఏడెనిమిది పేర్లు అందుకుంది, నాది ఇంకా రాలేదు. నేను ఇన్నేళ్ళూ ఇష్టమైన పాట అంటే మనకు వినాలనిపించేది అనుకున్నాను. మనల్ని పేరు పెట్టి పిలిచే పాట ఒకటుంటుందని, అది ఏ ఫోన్‌లోనూ దొరకదని ఈ వయసులో తెలిసింది. ఇలాంటి పాటల కోసం మీరెవరైనా ఆ వైపు వెళ్తే ఒక్క సూచన: షెడ్లకు మధ్యాహ్నం భోజనాల సమయానికి వెళ్ళండి, మిషన్లు ఆగేది అప్పుడే. పాడేవాళ్ళు ఆగినా మీరు రికార్డింగ్ ఆపకండి. నిన్న కోడలు నాకు ఫోన్ చేసింది. మామయ్య ఈమధ్య దుకాణానికి ఆలస్యంగా పోతున్నాడట. ఖాశింబక్క ఫోన్ వచ్చే వేళకు ఏ పనీ పెట్టుకోకుండా, చేతులు కట్టుకుని అక్క ఎదురుగా వచ్చి కూర్చుంటున్నాడట.