చాయ పోయని సాసరు

మధ్యాహ్నం నాలుగు కొట్టేసరికి మా పక్కింట్లో చాయ మరుగుతుంది. అల్లం దంచిన వాసన, పాలు గిన్నె అంచుకు పొంగి మాడిన వాసన కలిసి నా గదిలోకి వస్తాయి. అవి వచ్చినప్పుడల్లా నా ముక్కు మూడో వాసన కోసం వెతుకుతుంది, ఫినాయిల్ వాసన. అది రాదు. నా అలమరలో చీరల కింద ఒక సాసరు ఉంది. తెల్లది, అంచున నీలి గీత, ఒక పక్క గోరంత పెచ్చు లేచింది. దాని కప్పు లేదు. అది నా చేతికి వచ్చి అరవై ఏళ్లు దాటింది. ఇంతవరకు దానిలో చాయ పోయలేదు, ఎవరినీ పోయనివ్వలేదు. ఎందుకో రాస్తాను. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, మనవరాలి పలక మీద. కాబట్టి చుట్టూ తిప్పి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టే ఉంటుంది.

మాది వికారాబాదు పక్క పల్లె. నాయిన బాలయ్య తాండూరులో బండల గనిలో పనిచేసేవాడు. వారమంతా అక్కడే ఉండి శనివారం సాయంత్రం ప్యాసింజరు దిగి, కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ముతో, బుజాన జొన్నరొట్టెల మూటతో వచ్చేవాడు. అమ్మ దేవమ్మ వికారాబాదులో గుట్ట దారి మీదున్న బంగ్లాలో వంట చేసేది. ఆ బంగ్లాలో ఒక దొరసాని ఉండేది. గుట్ట మీది క్షయ దవాఖానలో ఆమె నర్సు. తెల్లారి గుట్ట ఎక్కి, మధ్యాహ్నం దిగి, చేతులు మోచేతుల దాకా ఫినాయిల్ నీళ్లతో కడుక్కుని, నాలుగు గంటలకు వరండాలో చాయకు కూర్చునేది. వాన వచ్చినా, ఎండ మండినా, పండుగైనా ఆ నాలుగు తప్పేది కాదు.

ఆమెది స్కాట్లాండు దేశంలో ఎడిన్‌బరా పట్నం. అక్కడ బండరాతి గుట్ట మీద కోట ఉంటుందట, కోట కింద పెద్ద వీధి, ఆ వీధిలో చాయ దుకాణాలు. మేడ మీద కిటికీ పక్కన కూర్చుంటే కోట కనిపిస్తుంది, మూడంతస్తుల పళ్లెం తెచ్చి ముందర పెడతారు. కింది అంతస్తులో దోసకాయ పెట్టిన రొట్టె ముక్కలు, నడిమి దానిలో వెన్న, పండ్ల పాకం రాసుకునే బిళ్లలు, పైదానిలో మిఠాయి. కింది నుంచి పైకి తింటూ పోవాలి. ఆ బిళ్లల పేరు స్కోను. అమ్మ వాటిని మైదాలో పులిసిన పెరుగు కలిపి, మట్టి కుంపటి మీద మూకుడు పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి కాల్చేది. ఆ కాలే వాసనకు తోట మూలన ఎండుటాకులు పోగేసుకుని ఆడుకుంటున్న నేను లేచి వచ్చేదాన్ని. తునికి ఆకులు పళ్లేలు, పెంకులు కప్పులు, ఎర్రమట్టి నీళ్లు చాయ. నా ఆటలో కూడా కింది అంతస్తు తిన్నాకే పైది తినాలి. ఎడిన్‌బరా అంటే అందరూ పనిపాట లేకుండా మధ్యాహ్నం చాయ తాగే ఊరని చాలా ఏళ్లు అనుకున్నాను.

ఆమెలో ఒక్క గుణం మాత్రం మా వాడంతా చెప్పుకునేది. టపా తెచ్చినవాడికీ, తోటపని చేసేవాడికీ, మా అమ్మకూ ఆమె తాగే కప్పుల్లోనే, ఆమె చేత్తోనే చాయ పోసేది. అమ్మ తన కప్పు తీసుకుని వంటింటి గడపలో కూర్చుని, సగం సాసరులోకి వంచి నాకిచ్చేది. కప్పు ఆమెది, సాసరు నాది. సాసరును రెండు చేతులా పట్టుకుని ఊదితే చాయ మీద ముడతలు పడేవి, ఆ ముడతల్లో అమ్మ ముఖం అటూ ఇటూ ఊగేది. నా చిన్నతనంలో నేను సుఖం అనుకున్నది అదొక్కటే.

వానలు వెనక్కి తగ్గిన ఒక కార్తీకంలో అమ్మ నాకు సాసరు ఇవ్వడం మానేసింది. అడిగితే "పొట్టల పురుగులైతయి, పో" అంది. తెల్ల కప్పు వదిలి, రంగు పోయిన ఒక ఇనుప మగ్గులో తాగడం మొదలుపెట్టింది. తాగాక దాన్ని మరిగిన నీళ్లతో కడిగి, వెనక కిటికీ బయట బోర్లించేది. రాత్రి నన్ను పక్కలోకి రానిచ్చేది కాదు. అంతకంటే భయపెట్టింది ఇంకొకటి. చాయ అయ్యాక దొరసాని అమ్మను లోపలి గదిలోకి తీసుకుపోయి తలుపు వేసేది. కొంతసేపటికి అమ్మ నడుము కింద చేయి పెట్టుకుని, కుంటుతూ, ముఖం పక్కకు తిప్పుకుని బయటికి వచ్చేది. ఆ తలుపు వేసే చప్పుడు వినగానే తోటలో పిట్టలు కూడా ఆగినట్టుండేది నాకు. అడిగితే అమ్మ నా గదవ పట్టుకుని, "గీ ముచ్చట నాయినకు చెప్పినవో, నేను నీకు దొరకను" అంది. నన్ను బెదిరించడానికి అన్నదనుకున్నాను. ఆమెకు నిజంగా తెలిసే అన్నది.

ఒక ఆదివారం యేసు గుడిలో ప్రార్థన అయ్యాక నాయిన నన్ను బజారులో చాయ హోటలుకు తీసుకుపోయాడు. ఆ రోజుల్లో మా వాళ్లు హోటలు లోపల కూర్చునేది లేదు. చూరు కింద వాసానికి మేకులు కొట్టి ఉండేవి, వాటికి మా కప్పులు వేలాడేవి, అంచులు విరిగినవి, పాచి పట్టినవి. ఎవరి కప్పు వాళ్లు తీసుకుని పట్టుకుంటే హోటలాయన ఎత్తు నుంచి పోసేవాడు. తాగి, కడిగి, మళ్లీ మేకుకు తగిలించి పోవాలి. ఆ రోజు హోటలాయన పోస్తూ నవ్వాడు.

"ఏం బాలయ్యా, నీ పెండ్లాం దొరల కప్పుల తాగవట్టె. నువ్వేమో ఇంక గీ మేకు కాడనే ఉంటివి."

నాయినకు కోపం రాలేదు. ఆయనకు అది గొప్ప. గనిలో పదిమందికి చెప్పుకునేవాడు. నా వైపు తిరిగి, "మీ అమ్మ నసీబు మంచిది బిడ్డా" అన్నాడు.

నా సాసరు పోయిన కోపం నాలో ఉంది. అమ్మ పక్కలోంచి నన్ను తోసేసిన కోపం ఉంది.

"లే నాయినా. గిప్పుడు అమ్మకు గూడ వేరే కప్పే. కిటికి బయట పెడ్తది, మన లెక్కనే."

"ఎవ్వరు పెట్టిండ్రు?"

నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉండొచ్చు. "దొరసాని పెట్టింది" అన్నాను. అడగకుండానే ఇంకోటి కూడా చెప్పాను. "లోపటికి తీస్కపోయి తలుపేస్తది. అమ్మ కుంటుకుంట బయటికొస్తది. కొడ్తది గావచ్చు."

హోటలాయన కెటిలు కింద పెట్టి మరీ నవ్వాడు. "అరే, బంగ్లల గూడ మేకు కొట్టిండ్రా బాలయ్యా?"

నాయిన చాయ తాగలేదు. నిండు కప్పును నేల మీద ఒంపి, కడగకుండానే మేకుకు తగిలించి, నా రెక్క పట్టుకుని గుట్ట దారి పట్టాడు.

మేం పోయేసరికి నాలుగైంది. వరండాలో బల్ల మీద తెల్ల గుడ్డ, స్కోన్లు, కెటిలు మీద వేడి పోకుండా ఉన్ని టోపీ, అన్నీ సర్ది ఉన్నాయి. కిటికీ బయట ఇనుప మగ్గు బోర్లించి ఉంది. నాయిన దాన్నే చూశాడు.

"మూట కట్టు దేవమ్మా. గీడ గూడ గదే బతుకైతే నా కాడికే రా. రొట్టెకు కరువైతే బండలు మోద్దాం."

దొరసాని లేచి వచ్చింది. పుస్తకం చదివినట్టుండేది ఆమె తెలుగు. "బాలయ్యా, నీవు ఆమెను తీసుకొని వెళ్లకూడదు. ఇంకను నాలుగు నెలలు ఆమె ఇక్కడ ఉండవలెను."

"ఎందుకుండాలె? చెప్పున్రి."

ఆమె అమ్మ వైపు చూసింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. చెప్పనని ఆమె అమ్మకు మాట ఇచ్చి ఉంది, ఆ మాట పట్టుకుని నోరు మూసుకుంది. లోపలికి పోయి ఒక కాగితం పొట్లం తెచ్చి అమ్మ చేతిలో పెట్టింది, అంతే. పెద్దామె, చదువుకున్నామె, రోజూ చావులు చూసే మనిషి. ఆ ఒక్క మాట తప్పి ఉండాల్సింది. నేను ఇప్పటికీ అదే అంటాను. అమ్మ నన్ను చూసింది. తిట్టలేదు. నా నెత్తి మీది వెంట్రుకలు సర్దబోయి, చేయి వెనక్కి తీసుకుంది.

మరునాడు తాండూరు రైలు ఎక్కాం. ఆ ఊరిలో అన్నీ బండలే. గోడ బండ, కప్పు బండ, నేల బండ, పొలం గట్టు బండ. మాటలు సగం తెలుగు, సగం కన్నడం. కంది కోతల కాలం, బండ్ల నిండా కందికట్టె, గాలిలో పొట్టు, దాని మీద గని దుమ్ము. అక్కడ అందరూ దగ్గుతారు. గనిలో ఉలి పట్టినవాడు, బండి తోలేవాడు, నాయిన, అందరూ. కాబట్టి అమ్మ దగ్గు ఎవరికీ వినిపించలేదు. పగలంతా ఊరంతా దగ్గుతుంటే అందులో ఒక దగ్గు మాత్రం కొంగు అడ్డుపెట్టుకుని, వాకిలి దాటి పోయి, గోడ వెనక ఆగేది. పొట్లంలో మందుబిళ్లలు పిండి డబ్బాలో దాచుకుంది. అవి అయిపోయిన రోజు నేనే చూశాను, కాగితం మడిచి పొయ్యిలో వేసింది. తర్వాత ఆమె గాజులు మోచేతి దాకా జరగడం మొదలైంది.

ఎండలు ముదిరాక, సంత రోజున నాయిన మమ్మల్ని స్టేషను దగ్గర కొత్తగా పెట్టిన హోటలుకు తీసుకుపోయాడు. అక్కడ మేకులు లేవు. లోపలే కూర్చోవచ్చు. నాయిన ముందురోజే వెళ్లి చూసి వచ్చాడట.

"గీడ అందరికి ఒక్కటే కప్పు" అన్నాడు, బెంచీ మీద వీపు ఆనించి. "దొరసాని ఇయ్యకున్నా నేనిప్పిస్త. తాగు."

నీలి గీత కప్పు, కింద సాసరు. అమ్మ దాన్ని ముట్టలేదు. "నాకొద్దు" అంది. "తాగరాదే" అన్నాడు నాయిన, ఆ గొంతులో ఆజ్ఞ లేదు, బతిమిలాడడం ఉంది. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుని కప్పు ఎత్తింది. నేను అలవాటుగా సాసరు లాక్కుని రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె దానిలో చుక్క పోయలేదు. అంతా తానే తాగింది. చివరి గుటక అయ్యాక చేయి బెంచీ పక్కకు చాచి కప్పును బండ మీద వదిలింది. జారిపోలేదు. వదిలింది. నేను వేళ్లు చూశాను.

హోటలాయన వచ్చి ముక్కలు చూశాడు. "ఏమమ్మా, చేతులల్ల సత్తువ లేదా? సోలాపూర్ నుంచి తెప్పిచ్చిన." నాయిన దాని ఖరీదు ఇచ్చుకున్నాడు. "కప్పు లేని సాసరు నేనేం జేసుకోవాలె, తీస్కపో పిల్లా" అన్నాడాయన.

బయట చెక్కిన బండల దొంతర ఉంది. దాని నీడలో అమ్మ నిలబడి చెప్పింది.

"ఇంకొకరు తాగుతరని ఇడిసిన. నాకు గా రోగమే ఉంది. దొరసాని దినాం సూదిచ్చేది. మగ్గు ఆమె పెట్టలే, నేనే పెట్టుకున్న, పిల్ల నా ఎంగిలి తాగొద్దని."

"మరి గప్పుడెందుకు చెప్పలే?" అన్నాడు నాయిన.

"చెప్తే లచ్చుమమ్మకు ఏసినట్టు నాకు గుడిసె ఏస్తుండిరి."

లచ్చుమమ్మ మా వాడలో ఒకామె. నెత్తురు కక్కుతోందని పొలం అవతల గుడిసె వేసి పెట్టారు, దూరం నుంచి సంకటి విసిరేవారు, రెండు నెలలు బతికి పోయింది. ఆ గుడిసెకు గుంజలు పాతినవాళ్లలో నాయిన ఒకడు. ఆయన బండల మీద కూర్చుండిపోయాడు.

మరునాడే వికారాబాదు రైలు ఎక్కాం. దొరసాని అమ్మ వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "సూది నడుమ ఆపినచో తరువాత అది పని చేయదు" అంది. ఎవరినీ చూడకుండా అంది. నాయిన ఆమె కాళ్ల ముందు కూర్చుని, మిమ్మల్ని అనరాని మాట అనుకున్నానమ్మా అని ఏడ్చాడు. నేను తలుపు పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

అమ్మను గుట్ట మీది దవాఖానలో ఉంచారు. పిల్లలను లోపలికి రానివ్వరు. ఆదివారం ఆదివారం కంచె బయట టేకు చెట్టు కింద నిలబడేదాన్ని. నాలుగు గంటలకు వరండాలో మంచాలకు చాయ వచ్చేది. అమ్మ మగ్గు ఎత్తి నాకు చూపించి, ఎడమ అరచేయి చాచి, దానిలోకి వంచినట్టు చేసేది. నేను ఇవతల రెండు చేతులా పట్టుకుని ఊది తాగినట్టు చేసేదాన్ని. టేకు ఆకులు పళ్లేలంత అయ్యాయి, తెల్లగా పూశాయి. సీతాఫలాలు పండబోతూ కండ్లు తెరిచిన వారం పోయి నిలబడితే ఆ మంచం మీద ఇంకొకామె ఉంది. ఆమె నన్ను చూసి, ఎవరి పిల్లో అనుకుని, మళ్లీ పడుకుంది.

దొరసాని తర్వాత ఎడిన్‌బరాకే పోయిందన్నారు. బంగ్లా కూలి అక్కడ ఇళ్లు లేచాయి. చూరు మేకులు పోయాయి, చూరే పోయింది. నిరుడు వికారాబాదు బస్టాండులో చాయ తాగాను. కాగితం కప్పు, తాగి పారేయడమే. డబ్బా నిండా పడి ఉన్న కప్పులను చూస్తూ నిలబడితే బస్సు పోయింది. నాయిన బతికినన్నాళ్లు, పిల్ల మాటకు తానే తొందరపడ్డాననే అనుకున్నాడు, అట్లా అనుకుంటూనే పోయాడు. "దొరసాని పెట్టింది" అన్న మాట కోపంలో నేను కల్పించిందని, చూడనిది చూసినట్టు చెప్పానని నేను ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. అక్షరాలు వచ్చాక ఇన్నేళ్లకు ఇదే మొదటిసారి రాయడం.

మొన్న మనవరాలు అలమర సర్దుతూ సాసరు తీసి, "దీంట్ల చాయ పోసుకోనా నానమ్మా, మస్తుగుంది" అంది. చేతిలోంచి తీసుకుని మళ్లీ చీరల కింద పెట్టాను. ఆ రోజు నా వాటా నాకు పోయకుండానే అమ్మ తాగింది. సాసరు పొడిగానే నా చేతికి వచ్చింది. పొడిగానే ఉంచాను.