మా అమ్మ నింపిన బండి నీళ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు రకాల నీళ్లుండేవి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు. బోరు నీళ్లు ఎప్పుడంటే అప్పుడు వచ్చేవి కానీ ఉప్పగా ఉండేవి. వాటితో కడిగిన స్టీలు గ్లాసు ఆరాక తెల్లటి మచ్చలు మిగిలేవి. నల్లా, అంటే వీధి కుళాయి, మాత్రం రోజు విడిచి రోజు, అదీ కాసేపే వచ్చేది. పాతబస్తీలో మా గల్లీ మొత్తానికి ఒకటే నల్లా. అందుకని తాగడానికీ, పప్పు ఉడకడానికీ, మా తాత లారీకీ మాత్రమే నల్లా నీళ్లు. మిగతా అన్నిటికీ బోరు.

లారీకి మంచినీళ్లేమిటని విన్నవాళ్లకు నవ్వు రావచ్చు. మా తాత లారీ చాలా పాతది. బేగంబజార్‌లో గిన్నెలు, పప్పుల బస్తాలు ఎక్కించుకొని జల్‌పల్లి వైపు కొత్తగా వెలిసిన కాలనీల దుకాణాలకు దింపి వచ్చేవాడు. ఇంజను వేడెక్కకుండా దాని ముందు రేడియేటరు ఉంటుంది, అందులో నీళ్లు తిరుగుతుంటాయి. ఉప్పునీళ్లు పోస్తే లోపలి సన్నటి గొట్టాల్లో తెల్లగా పేరుకొని పూడుకుపోతాయి, ఇంజను మాడిపోతుంది. ఇంజను పోయిందంటే లారీ పోయినట్టే. అందుకని ఒక తెల్ల డబ్బా విడిగా ఉండేది. ఇంట్లో అందరం దాన్ని 'బండి నీళ్లు' అనేవాళ్లం. ఆ డబ్బా నింపడం, పొద్దున్నే రేడియేటరులో పోయడం మా అమ్మ పని. సొంత కొడుకునే లారీ మీద చెయ్యి వేయనివ్వని తాత ఆ పని కోడలికి అప్పగించాడు. అమ్మ కొంగు నడుముకు దోపుకొని, బంపరు మీద కాలు పెట్టి ఎక్కి, మూత తిప్పి, చుక్క కింద పడకుండా గరాటుతో పోసేది. ఆ పనంటే ఆమెకు గర్వం. మా గల్లీలో ఇంకే ఇంటి కోడలూ లారీ ఎక్కేది కాదు మరి.

ఒక ఎండాకాలం లారీలో స్టీరింగు వెనక ఉండే ఎర్ర లైటు వెలగడం మొదలైంది. ఇంజను వేడి మితిమీరితే వెలగాల్సిన లైటు అది. అది ఒక పద్ధతిగా వెలిగితే బాధ లేకపోయేది. వెలిగేది, తాత బండి పక్కకు ఆపేసరికి ఆరిపోయేది. రెండు రోజులు ఏమీ ఉండేది కాదు. మూడో రోజు నడి రోడ్డు మీద మళ్లీ వెలిగేది. తాతకు అన్నం సహించడం మానేసింది. ఆ లారీ తప్ప ఆయనకు వేరే ఏమీ లేదు.

ఒక రోజు ఆయన రేడియేటరు మూత తీసి లోపలికి తొంగి చూశాడు. మూత అంచున తెల్లటి చార కనిపించింది. అది ఎన్నేళ్ల నాటిదో ఎవరికి తెలుసు. కానీ ఆ వారమంతా నల్లా సరిగ్గా రాలేదు, ఇంట్లో మంచినీళ్లకు కటకటగా ఉంది. ఆయన మనసులో ఆ రెండూ ముడిపడ్డాయి. ఆ రోజు చాలా రోజుల తర్వాత నల్లా వచ్చింది. గల్లీ ఆడవాళ్లంతా బిందెలతో వరసలో ఉన్నారు. తాత నేరుగా అక్కడికి వచ్చి, అందరి ముందూ అమ్మను నిలదీశాడు.

"బండిల ఏం నీళ్లు పోసినవ్?"

"నల్లా నీళ్లే మామా."

"నల్లా వచ్చి ఎన్ని దినాలాయె? యాడికెల్లి తెచ్చినవ్? బోరు నీళ్లు కలిపినవ్."

"లేదు మామా. మనం తాగేటియి తక్కువ చేసిన గని బండియి ముట్టలే."

"నా కండ్ల ముంగట తెల్లగ కనబడ్తుంటే అబద్ధమాడ్తవా? నా బండిని చంపినవ్ గదమ్మా!"

పక్కింటి అత్త మంచి మనసుతోనే మధ్యలోకి వచ్చింది. "పోనియ్ బాపు, చిన్నది, ఏదో పొరపాటయింది" అంది. ఆ మాటతో అమ్మ తప్పు చేసిందని గల్లీ అంతా ఒప్పేసుకున్నట్టయింది. అమ్మ ఆమె వైపు ఒకసారి చూసి, తన బిందె ముందుకు జరుపుకుంది. తాత బిందెల పక్కనున్న తెల్ల డబ్బా తీసుకొని వెళ్లిపోయాడు. నేను అమ్మ కొంగు పట్టుకొని నిలబడి ఉన్నాను. నేల చీలితే బాగుండనిపించింది. ఇప్పటికీ ఎవరైనా గొంతు పెంచితే నాకు ముందు నల్లా దగ్గరి ఆ తడి నేలే కళ్ల ముందుకు వస్తుంది.

మర్నాటి నుంచి గల్లీ పిల్లలు నన్ను చూసి, "మీ లారీకి ఉప్పు ఎక్కువైందంట గదా, మజ్జిగ తాపుండ్రి" అనేవాళ్లు. మా నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. విన్నాడు, తండ్రికి ఎదురు చెప్పలేదు, భార్యను ఓదార్చలేదు. అమ్మ గొడవ పడలేదు, ఏడవలేదు. నల్లా దగ్గరికి అందరికంటే చివర వెళ్లడం మొదలుపెట్టింది. ధార సన్నబడ్డాక, మనుషులు పలచబడ్డాక వెళ్లి, దొరికినన్ని తెచ్చుకునేది. తాత డబ్బా తీసుకెళ్లి వేరే వాళ్లింట్లో నింపించుకొనేవాడు. అది అందరికీ కనిపించేది.

విచిత్రం ఏమిటంటే, అమ్మ చెయ్యి పడకపోయినా లైటు వెలగడం ఆగలేదు. ఆ మాట ఎవరైనా అంటే తాత, "పట్టిన ఉప్పు పట్టే ఉన్నది, అదెట్ల పోతది?" అనేవాడు. ఒకసారి కోపంలో అన్న మాటను నిలబెట్టుకోవడానికి ఆయన రోజుకొక కొత్త గోడ కడుతున్నట్టుండేది.

చివరికి రేడియేటరు విప్పించి కడిగించాలని బయల్దేరాడు. బడికి సెలవు కావడంతో నన్నూ ఎక్కించుకున్నాడు. గల్లీ చివర షెడ్డు నడిపే మెకానిక్ చాచా తాతకు చిన్ననాటి నేస్తం. పెద్ద నోరు, పెద్ద నవ్వు. తాత చెప్పిందంతా విని, పానా కింద పెట్టేశాడు.

"డాక్టర్ చెయ్యి గూడా పట్టుకోకుండ కడుపు కోస్తడా భాయ్? పహ్లే బండి నడుపు. నేను కూసుంట. చూద్దాం."

ఆ రోజు బస్తాల లోడు ఉంది. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకొని ముగ్గురం బేగంబజార్ నుంచి జల్‌పల్లి వెళ్లాం. మండే ఎండ, నిండు బరువు, దారిలో ఎత్తుకు ఎక్కే చడావు. ఇంజను ఊపిరి బిగబట్టి ఎక్కుతోంది. వెలిగితే ఇప్పుడే వెలగాలి అనుకుంటూ తాత రోడ్డు కంటే లైటునే ఎక్కువ చూస్తున్నాడు. అది వెలగలేదు. సరుకు దింపి ఖాళీ బండితో తిరిగి వస్తుంటే మొదటి గుంతలోనే వెలిగింది. గుంత దాటగానే ఆరింది. ఇంకో గుంతలో మళ్లీ వెలిగింది. చాచా బండి ఆపించి, దిగి, రేడియేటరు పైపు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఉండాల్సిన వేడే ఉందట.

"పొయ్యి మీద పొంగిన పాలు ఒక్క కుదుపుకు చల్లారుతయా? చడావు మీద గరం కాని ఇంజన్ ఖాళీగ గరమైతదా? నీ లైటు వేడికి వెలుగుతలేదు భాయ్, గుంతల పడ్డప్పుడల్ల కన్ను కొడ్తున్నది" అని పగలబడి నవ్వాడు. బరువున్న లారీ నేలను పట్టుకొని నడుస్తుంది, ఖాళీ లారీయే ఎగురుతుంది. ఎగిరినప్పుడు లోపల ఏదో దేనికో తాకుతోందని ఆయన అనుమానం.

షెడ్డుకు వచ్చాక ఇంజను ఆపకుండానే బానెట్ ఎత్తాడు. నన్ను లోపల కూర్చోబెట్టి, లైటు వెలిగితే అరవమన్నాడు. ఒక్కొక్క వైరూ కదుపుతూ పోయాడు. కాసేపటికి లైటు వెలిగింది. నేను గట్టిగా అరిచాను. ఆరింది, మళ్లీ వెలిగింది, మళ్లీ అరిచాను. బయటి నుంచి నవ్వు వినిపిస్తుందనుకున్నాను. వినిపించలేదు. దిగి వెళ్లి చూశాను.

ఇంజను వెనక, చెయ్యి కష్టంగా దూరే చోట, ఒక గుర్రపు నాడా వేలాడుతోంది. గుర్రం గిట్టకు కొట్టే ఇనుప లాడం. నల్లతాడుతో కట్టి ఉంది. మా వైపు బండ్లకు దిష్టి తగలకుండా బంపరుకు కట్టేవాళ్లు. తాత కట్టినది కూడా బంపరుకే ఉండేది. ఒక రాత్రి ఎవరో దాన్ని ఎత్తుకుపోయారు. అదృష్టమే పోయినట్టు బాధపడి, ఇంకొకటి తెచ్చి, ఈసారి ఎవరి చేతికీ అందకుండా బానెట్ లోపల తనే కట్టుకున్నాడు. అది ఊగి ఊగి, ఇంజను వేడిని చెప్పే వైరు పైతొడుగును అరగదీసింది. బండి ఎగిరినప్పుడల్లా నాడా ఆ వైరును ఇంజను ఇనుముకు అదుముతోంది. తొడుగు పోయిన వైరు ఇనుముకు తాకితే చాలు, వేడి లేకపోయినా ఎర్ర లైటు వెలుగుతుంది.

ఇంజను చల్లారాక చాచా రేడియేటరు గొట్టాల్లోకి తొంగి చూసి, అందులోని నీళ్లు కొంచెం గ్లాసులోకి పట్టి వెలుగుకు ఎత్తి చూపాడు. "సాఫ్ ఉన్నయి, గొట్టాలల్ల ఉప్పు పట్టలే. బహూ చెయ్యి మంచిది" అని అమ్మను మెచ్చుకున్నాడు. ఆయనకు మా గల్లీ సంగతి తెలుసు. తాత ఆ గ్లాసు వైపు చూడలేదు. వైరుకు కొత్త తొడుగు వేయడం అయిపోయేదాకా తలపాగా విప్పుతూ, చుట్టుకుంటూ కూర్చున్నాడు. పెద్దవాళ్లకు కూడా సిగ్గు వేస్తుందని నేను మొదటిసారి చూసింది ఆ రోజే. చూడకుండా ఉంటే బాగుండనిపించింది.

ఇంటికొచ్చి తాత వంటింటి గడప దగ్గర తెల్ల డబ్బా పెట్టాడు. "నీళ్ల తప్పు కాదంట. వైరుదంట" అని నేలను చూస్తూ అన్నాడు. అమ్మ, "సరే మామా" అంది. అంతే. డబ్బా పెట్టిన చోటే ఉండిపోయింది. అమ్మ దాని చుట్టూ ఊడ్చింది, దాని పక్క నుంచి నడిచింది, ముట్టుకోలేదు. తాత వసారాలో కూర్చొని అదంతా చూశాడు.

మళ్లీ నల్లా వచ్చిన పూట అమ్మ ఈ మధ్య అలవాటైనట్టే, వరస తగ్గేదాకా ఇంట్లోనే ఆగింది. తాత ఆ డబ్బా తనే తీసుకొని, "రామ్మా" అని అమ్మను పిలిచి ముందు నడిచాడు. వరసలో ఆడవాళ్లంతా ఉన్నారు. నలుగురిలో ఎప్పుడూ నిటారుగా నిలబడే మనిషి, ఆ రోజు డబ్బా రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు.

"అందరు ఇనుండ్రి. మొన్న నా కోడలు బోరు నీళ్లు పోసిందన్న. పొయ్యలే. నేను కట్టిన నాడానే వైరు కొరికింది. తప్పు నాది. అబద్ధమాడినవన్న మాట గూడ నాదే తప్పు."

వెనక నుంచి ఒక ముసలమ్మ, "ఆ నాడా బండికి కాదు బాపు, నీ నోటికి కట్టుకునేదుండె" అంది. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు, కోప్పడలేదు. "అవునమ్మా" అన్నాడు. పక్కింటి అత్త ముఖం పక్కకు తిప్పుకుంది.

అమ్మ ఏడుస్తుందేమో, తాత చెయ్యి పట్టుకుంటుందేమో అనుకున్నాను. ఆమె డబ్బా అందుకొని, "నీళ్లు బందయితయి మామా, జరుగుండ్రి" అంది. వరసలో వాళ్లు ఆమెకు జాగా ఇచ్చారు. ముందు బండి నీళ్లు నింపింది, తర్వాతే బిందె పెట్టింది.

దాంతో అంతా సర్దుకుందని రాస్తే నిజం కాదు. ఆ తర్వాత కూడా ఎవరింట్లోనైనా కూరలో ఉప్పెక్కువైతే అమ్మ వైపు చూసి నవ్వేవాళ్లు ఉండేవాళ్లు. పదిమందిలో అన్న మాటను పదిమందిలోనే వెనక్కి తీసుకున్నా కొంత బయటే మిగిలిపోతుంది. ఇంట్లో మాత్రమే తీసుకుంటే మొత్తం మిగిలిపోతుంది. ఆ రోజు నుంచి నేను మోస్తున్నది ఇదే. ఇన్నాళ్లూ దీన్ని మా తాత గొప్పతనంగా చెప్పుకుంటూ వచ్చాను.

ఈ మధ్య మా పాప బడి నుంచి అప్పుడప్పుడు తడిసిన గౌనుతో వస్తోంది. ఒకటో తరగతి. ఈ రోజు స్కూలు ఆటో దిగగానే, నలుగురు తల్లుల ముందు, దాని స్నేహితుల ముందు, "ఇంత పెద్దదానివయ్యావు, గౌను తడుపుకోవడానికి సిగ్గు లేదా?" అన్నాను. "నేను కాదమ్మా" అని ఒక్కసారి అంది, తర్వాత మాట్లాడలేదు. సాయంత్రం సంచి సర్దుతుంటే నీళ్ల సీసా మూత పక్కన సన్నటి పగులు కనిపించింది. నిలువుగా పెడితే కారదు. ఒక పక్కకు వంగితేనే కారుతుంది. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకొని, తప్పు నాదే అని చెప్పాను. "సరే" అంది. గోడ వైపు తిరిగి పడుకుంది.

రేపు పొద్దున ఆటో దగ్గర ఆ తల్లులూ ఉంటారు, పిల్లలూ ఉంటారు. ఏం చెప్పాలో తెలుసు, ఎక్కడ చెప్పాలో కూడా తెలుసు. తలుచుకుంటేనే ముఖం వేడెక్కుతోంది. మా తాతకు ఆ రోజు ఎంత సిగ్గనిపించి ఉంటుందో నాకు ఇప్పుడు తెలుస్తోంది. అయినా ఆయన గొంతు తగ్గించలేదు, వరసలో చివరనున్న వాళ్లకు కూడా వినపడేలా చెప్పాడు.