ఉమామహేశ్వర్ గారి అనుమానాలు

ఒకే మనిషి ఈ నాలుగు పుస్తకాలూ రాశాడంటే సునీల్‌కి నమ్మకం కుదరలేదు. ఒకే సంగతి మీద నాలుగు రాశాడంటే అది వేరు. ఈయన పాటల మీద ఒకటి, గోడల మీది బొమ్మల గురించి ఒకటి, రైలు ప్రయాణాల మీద ఒకటి, ఫ్యాక్టరీ కొలువు మీద ఒకటి రాశాడు. కచేరీలో కూర్చుని తల ఊపేవాడికి కొలిమి సంగతి ఎలా తెలుస్తుంది? ఎక్కడెక్కడివో తెచ్చి అతికించి ఉంటాడు. ఆ అతుకులు పట్టుకుందామనే తెలుగు సంఘం చదువుగదిలో ఆ పుస్తకాలు తీశాడు. వాటి మీది దుమ్ము చూస్తే అంతకుముందు ఎవరూ ముట్టుకున్నట్టు లేదు.

సునీల్ జుగ్సలాయిలో ఒక గోదాములో పని చేస్తాడు. లారీలోంచి దిగిన సరుకుకీ చీటీలో రాసిన సరుకుకీ తేడా కనిపెట్టడం అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ పని ఆగదు. ఎవరు ఏం చెప్పినా ముందు తేడా వెతుకుతాడు. పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్ళోనే, చదివింది హిందీ బడిలో. తెలుగు అక్షరాలు మాంగో పేటలో తమ ఇంటి గోడకు వేలాడే క్యాలెండరు మీద వేలు పెట్టి, తిథులూ నక్షత్రాలూ కూడబలుక్కుని నేర్చుకున్నాడు. ఒకసారి సంఘంలో, తెలుగు పుస్తకంలో కనిపించిన 'శిక్ష' అనే మాటను హిందీలోలాగా చదువు అనుకుని మాట్లాడి నవ్వులపాలయ్యాడు. ఆ రోజు నుంచీ ఒక నియమం పెట్టుకున్నాడు. తెలుగు అచ్చులో హిందీ మాటలాంటిది ఏది కనబడినా దాని హిందీ అర్థాన్ని నమ్మకూడదు.

ఉమామహేశ్వర్ పుస్తకాల్లో అతుకులు దొరకలేదు. దొరికింది వేరే ఒకటి. ఆ మనిషికి ప్రతిదాని మీదా అనుమానమే. తెర వెనక పాడుతున్నావిడ ముసలిదని అనుమానం. గోడ మీది ఎరుపు రంగు వాగు మట్టిలోంచి వచ్చిందని అనుమానం. రైల్లో ఎదురుగా కూర్చున్నవాడు టీచరని అనుమానం. చివరికి ఒక కొండని కూడా వదల్లేదు. 'ఆ కొండ ఎత్తు మీద నా అనుమానం వెయ్యి అడుగులు' అని రాశాడు. సునీల్ ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. కొండని కూడా అనుమానించేవాడు, తనలాంటివాడు, లోకంలో ఇంకొకడు ఉన్నాడన్నమాట. ఎన్నడూ ఎవరి మీదా కలగని ఇష్టం ఆ ముఖం తెలియని మనిషి మీద కలిగింది.

నాలుగోది 'హూటరు మోగాక'. ఆయన ఇంజనీరుగా పనిచేసిన స్ప్రింగుల ఫ్యాక్టరీ కథ. గోవింద్‌పూర్ వైపు ఉండేది, ఇప్పుడు మూతపడింది. అందులో సగం దాటాక సునీల్‌కి తండ్రి పేరు కనబడింది.

'స్టోరులో జగ్గారావు అని ఒక కుర్రవాడు ఉండేవాడు. అతని మీద నా అనుమానం చివరికి నిజమైంది. ఆ వానాకాలంలోనే పని వదిలి వెళ్ళిపోయాడు.'

సునీల్ పుస్తకం మూసి కిందికి చూశాడు. చిన్నప్పుడు బస్తీలో పిల్లలు తనని 'తాంబే కా బేటా' అని పిలిచేవారు. తాంబా అంటే రాగి, బేటా అంటే కొడుకు. నాన్న స్టోరు పని మానేశాడని అమ్మ దాలమ్మ చెప్పుకుంటుంటే పక్కింటి నూకమ్మ, "ఊరికే ఎవడు మానేత్తాడే పనీ?" అని మూతి తిప్పింది. ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని, స్టోరులో రాగి పోయిందనీ, తీసింది నాన్నేననీ ఎనిమిదేళ్ళ సునీల్ తేల్చుకున్నాడు. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే నిజమని చెబుతారేమోనని భయం. అప్పటినుంచి తండ్రి నడిపే ఆటో ఎక్కలేదు. ఆయన తెలుగులో ఏం అడిగినా హిందీలో రెండు ముక్కలు విసిరి వెళ్ళిపోయేవాడు. ఇప్పుడు అది అచ్చులో కూడా ఉంది.

ఆదివారం గోవింద్‌పూర్‌లో ఉమామహేశ్వర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. తలుపు తీసిన మనిషి పొట్టిగా, లుంగీలో, చేతిలో సగం ఒలిచిన కమలాపండుతో ఉన్నాడు. నాలుగు పుస్తకాలు రాసినవాడిలా లేడు. సునీల్ చంకలోని పుస్తకం చూసి ఆయన ముఖం వెలిగిపోయింది.

"చదివావా? పూర్తిగానా? రా బేటా, కూర్చో. వసంతా! మనవాడొకడు నా పుస్తకం చదివాట్ట!"

"చదివి తిట్టడానికొచ్చాడేమో అడగండి ముందు" అని లోపలినుంచి ఆవిడ గొంతు.

సునీల్ కూర్చోలేదు. ఎన్నిసార్లో మనసులో అనుకుని వచ్చిన మాటని పుస్తకంలో ఉన్నట్టే అడిగాడు. "నేను స్టోరు జగ్గారావు కొడుకుని. మా నాన్న మీద మీకు అనుమానం ఉండేదా?"

"జగ్గు కొడుకువా!" ఆయన పండు బల్ల మీద పెట్టేశాడు. "ఉండేది. చేరిన రోజే."

"రుజువు ఉందా?"

"రుజువెందుకు బేటా, కళ్ళు లేవా మనకి? ఆ స్టోరుకి కిటికీ లేదు. మీ నాన్న చూపంతా తలుపు మీదే. బయట లారీ చప్పుడైతే చాలు, లేచి పోయేవాడు. డ్రైవర్లతోనే దోస్తీ."

లారీ దగ్గరికి మాటిమాటికీ వెళ్ళడం అంటే ఏమిటో గోదాములో పనిచేసేవాడికి వేరే చెప్పక్కర్లేదు. సునీల్ పుస్తకంలో ఆ పేజీ తెరిచాడు.

"దొంగ అయితే అప్పుడే పట్టించాల్సింది. ఇన్నేళ్ళకి పేరు పెట్టి అచ్చు వేస్తారా?"

ఉమామహేశ్వర్ తల ముందుకి చాచాడు. "దొంగా? ఎవడు?"

టీ తెస్తున్న వసంతలక్ష్మి గుమ్మంలోనే ఆగింది. కప్పు కింద పెట్టి, సునీల్ వేలు పెట్టి చూపించిన చోట చదివింది. చదివి భర్త వైపు తిరిగింది.

"అచ్చుకి ఇవ్వకముందే చెప్పానా, లేదా? అనుమానం అంటే అది కాదండీ అన్నాను. విన్నారా? నువ్వు గోదావరి నుంచి వచ్చి మాకు తెలుగు నేర్పకు అన్నారు."

"తప్పేముంది అందులో? అనుమాన్! హిందీలో వాతావరణ జోస్యాన్ని మౌసమ్ కా అనుమాన్ అనరూ? వర్షం పడచ్చని చెప్తే వర్షాన్ని దొంగ అన్నట్టా? అందాజా బేటా, అందాజా! వీడు ఈ గదిలో నిలవడు అని నా అందాజా. నిలవలేదు. ఆటో కొనుక్కుని పోయాడు. అదే రాశా."

దానికి తెలుగు మాట సునీల్‌కి తట్టింది. "అంచనా."

"అదీ తెలుగు" అంది వసంతలక్ష్మి.

ఆయన చిన్నబోయాడు. చదువంతా హిందీలోనూ ఇంగ్లీషులోనూ సాగిందనీ, తెలుగు రాయడం పెళ్ళయ్యాక ఆవిడ తెప్పించుకునే వారపత్రికలు చూసి పట్టుకున్నాననీ గొణిగాడు. సునీల్‌కి క్యాలెండరు గుర్తొచ్చింది. అయినా వెంటనే లొంగలేదు. తప్పించుకోడానికి ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకం కాదు కదా?

"మరి రాగి?" అన్నాడు.

"ఏం రాగి?"

"స్టోరులో పోయిన రాగి."

"స్ప్రింగుల ఫ్యాక్టరీలో రాగి ఎందుకుంటుంది బేటా? మొత్తం ఉక్కే."

సునీల్ ఆయన ముఖంలో తేడా కోసం వెతికాడు. కమలాపండు తొన ఒకటి అందించిన చెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు.

వెళ్తుంటే వసంతలక్ష్మి నాలుగు పుస్తకాలూ, ఒక పెన్సిలూ చేతికిచ్చింది. "ఆయన రాసిన అనుమానాలన్నీ గీతలు గీసి పెట్టు నాయనా. రెండోసారి అచ్చు వేస్తారేమో ఎవరు చూశారు."

"మొదటిసారి వేసినవే మంచం కింద ఉన్నాయి" అన్నాడాయన.

సునీల్ పాటల పుస్తకం తిప్పాడు. "ఇక్కడ, నా పాట మీద మా ఆవిడకి అనుమానం అని ఉంది. ఇదీ మార్చాలా?"

"అది ఉంచు" అంది ఆవిడ. "అది తెలుగు అనుమానమే."

బస్సులో కూర్చుని పేజీలు తిప్పాడు. మాట మార్చి చదివితే పుస్తకాల్లో మనిషే మారిపోయాడు. తెర వెనక గొంతు విని వయసు ఊహించుకుని మురిసిపోయినవాడు, రైల్లో ఎదుటివాడి పని ఏమై ఉంటుందా అని సరదాపడినవాడు, కొండని చూసి ఎత్తు లెక్కగట్టినవాడు. లోకాన్ని అనుమానించే తోడు ఒకడున్నాడని పొంగిపోయాడే, ఆ తోడు లేడు. అనుమానించినవాడు సునీల్ ఒక్కడే. అదీ కన్నతండ్రిని.

మాంగో వంతెన దాటాక ఆటోల స్టాండులో తండ్రి బండి కనబడింది. వెనక సీటు నిండిపోయింది. సునీల్ వెళ్ళి ముందు, డ్రైవరు పక్కన, సగం బయటికి ఒరిగి కూర్చున్నాడు. జగ్గారావు ఉలిక్కిపడి చూశాడు.

"ఏట్రా? ఏటైంది? మీ అమ్మకి బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఊరికే ఎక్కాను."

"తెలుగు మాటాడతన్నావేటి?"

బండి కదిలింది. హ్యాండిల్ పట్టుకున్న తండ్రి మణికట్టు మీద నల్లబడిన కడియం. ఎన్నాళ్ళనుంచో అక్కడే ఉంది. సునీల్ దాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు చూశాడు.

"నాన్నా, అది రాగిదా?"

"మరేటి, బంగారమనుకున్నావా? కీళ్ళ నొప్పులకి మీ అమ్మ ఏయించింది, నువ్వు పుట్టకముందు. అందుకే గదా బస్తీలో అందరూ నన్ను తాంబా భాయ్ అనీవోరు."

వెనక ఎవరో నవ్వారు. సునీల్ ఆ కడియం మీంచి చూపు తిప్పుకున్నాడు. తర్వాత అడిగాడు. "స్టోరు పని ఎందుకు మానేశారు?"

"మానేశారా? పంతులుగారిలాగ అడగతన్నావేట్రా." జగ్గారావు గుంత తప్పించి బండి తిప్పాడు. "కిటికీ లేని గదిరా అది. కూకోలేకపోయాను."

ఇంత చిన్న జవాబు. ఎప్పుడు అడిగినా దొరికేది. నేను నిన్ను దొంగ అనుకున్నాను అని చెప్పాలని సునీల్ నోరు తెరిచాడు. ఆ మాటకి ఏ భాషా సరిపోలేదు. ఒళ్ళో ఉన్న పుస్తకాలని గట్టిగా పట్టుకున్నాడు.

జగ్గారావు ఓరగా కొడుకుని చూశాడు. చూసి, మళ్ళీ చూశాడు. పిలవకుండా పక్కన కూర్చుని, హిందీ మానేసి, ఏనాటి సంగతో అడుగుతున్న కొడుకు.

"ఏటి కావాల నీకు? నిజం చెప్పు. డబ్బులా? ఎక్కడైనా ఏదైనా ఎలగబెట్టేవా?"

ఆ చూపుని సునీల్ గుర్తుపట్టాడు. అది అంచనా కాదు.