దిగుడు చూసి ఆపే బండి

2023 ఎండాకాలం. తొర్రూరులో బండ్ల కరెంటు పని చేసే షాపు నాది. లారీలు, ట్రాక్టర్లు రోజూ వస్తాయి గానీ ఇల్లున్న బండి రావడం అదే మొదలు. భూపాలపల్లిలో బొగ్గు లారీలు నడిపి మానేసిన కొమురన్న, పాత వ్యాన్‌లో మంచం, స్టవ్వు, చిన్న ఫ్రిజ్ పెట్టించి భార్య లచ్చక్కతో ఊళ్లు చూడటానికి బయల్దేరాడు.

అలాంటి బండికి రెండు బ్యాటరీలు. ఒకటి ఇంజిన్‌ది, సెల్ఫ్ కొట్టడానికి. రెండోది ఇంటిది, లైట్లకూ ఫ్రిజ్‌కూ. బండి నడిచేటప్పుడు డైనమో ముందు ఇంజిన్ బ్యాటరీని నింపుతుంది. దాని వోల్టేజీ సరిపడా పెరిగాకే రిలే అనే స్విచ్చు తనంతట తానే పడి ఇంటి బ్యాటరీని కలుపుతుంది.

ఎంత దూరం నడిపినా వాళ్ల ఇంటి బ్యాటరీ నిండడం లేదు. ఫ్రిజ్‌లో ఉండేది లచ్చక్క ఇన్సులిన్. ఒకసారి ఫ్రిజ్ ఆగి, అది ఎండకు పాడైందని తెలియక వేసుకుని, షుగర్ పెరిగి దవాఖాన పాలైంది. మళ్లీ ఫ్రిజ్ ఆగితే బస్సెక్కి ఇంటికి పోతానని, బండి అమ్మేయమని తేల్చి చెప్పేసింది. కొమురన్న ముఖం చూస్తే జాలేసింది. మందును పక్క మెడికల్ షాపు ఫ్రిజ్‌లో పెట్టించి పనిలో దిగాను.

ఇంజిన్ నడుస్తుండగానే మీటరు పెట్టి చూశాను. వోల్టేజీ రిలే పడేంత పెరగడం లేదు. డైనమో అన్నా పోయి ఉండాలి, ఇంజిన్ బ్యాటరీ అన్నా పోయి ఉండాలి. బ్యాటరీ పేరెత్తితే కొమురన్నకు కోపమొచ్చింది.

"దానికేం రోగం లేదు తమ్మీ. పొద్దుగాల ఎన్నడన్న బండి లేవకుంట ఉన్నదా?"

అంత అనుభవమున్న డ్రైవరు మాట. సరేనని బండి ఆపించి డైనమో విప్పబోయాను. స్టూలు మీద కూర్చున్న లచ్చక్క సణుగుతోంది.

"నీడకు ఆపుమంటె ఎన్నడు ఆపడు. మాడిపోయే ఎండైనా దిగుడు కాడనే ఆపుతడు. గదేం అలవాటో."

నా చేతిలో పానా ఆగిపోయింది. వాలుగా ఉన్న దిగుడే ఎందుకని కొమురన్నను అడిగాను.

"లారీల కాడి అలవాటు. జర దొర్లంగనే గేర్ల ఏస్తె లేస్తది. సెల్ఫ్‌తోని పనేంది?" అన్నాడు.

నా షాపు ముందు కూడా దిగుడు చూసే ఆపాడు మహానుభావుడు. నలుగురం కలిసి బండిని చదునుగా ఉన్న చోటికి నెట్టాం. తాళం తిప్పమన్నాను. సెల్ఫ్ టక్కుమని ఊరుకుంది. ఇంజిన్ బ్యాటరీలో ఒక సెల్లు ఎప్పుడో చచ్చింది; రోజూ దొర్లించి లేపుతుండబట్టి బయటపడలేదు. డైనమో ఇచ్చిందంతా అదే మింగుతుంటే రిలే పడేదెలా? బ్యాటరీ మార్చి బండి నడిపించాక కాసేపటికి రిలే పడింది, ఫ్రిజ్ మొదలైంది. ఆ చప్పుడుకు నాకెంత సంతోషమేసిందో.

అప్పటి నుంచి ఏ బండి వచ్చినా డ్రైవరుతో పాటు పక్క సీటు వాళ్లనూ అడుగుతాను, రోజూ ఎక్కడ ఆపుతారని. మీటరు చెప్పనివి వాళ్లు చెబుతారు.

మందు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకున్నాక, తిని పోదామని లచ్చక్క రోడ్డవతల వేపచెట్టు చూపించింది. కింద నేల చదును. కొమురన్న ఒకసారి దిగుడు వైపు చూసి, బండిని నీడలోకి తీసుకెళ్లి ఆపాడు. తిన్నాక తాళం తిప్పితే ఒక్క దెబ్బకే లేచింది.

"ఇగ పోదాం పా," అన్నది లచ్చక్క. "మహబూబాబాద్ దిక్కు ఇంక చూడలే."