నేను వేసుకున్న ముడి

డెబ్బై మూడో డెబ్బై నాలుగో, నాకు పెళ్ళైన కొత్త. మెట్టినిల్లు తాండూరు. వికారాబాదులో పుట్టింటికి వచ్చిన మర్నాటికే కాలు నిలిచేది కాదు, మనసంతా అనంతగిరి గుట్ట మీదే. మా అన్న తాండూరు బండల గనిలో పనిచేస్తూ మా ఇంట్లోనే రెండు పూటలా తినేవాడు. సెలవు దొరికితే గనిలో వాడే లావు తాడు, మోకు, భుజాన వేసుకుని అనంతగిరికి వచ్చి, ఊరికే సరదాకు నిటారు బండలెక్కేవాడు. వెంట నేను.

గనిలో ఒక కట్టుబాటు ఉండేది. దిగే మనిషి నడుముకు ముడి తనే వేసుకుని, "నా ముడి నాదే" అని అందరూ వినేటట్టు అనాలి. అది ఊడితే తప్పు తనదే అన్నమాట. అన్న గుట్ట మీదా అదే పాటించేవాడు.

ఆ రోజు వాన అప్పుడే వెలిసింది.

"బండ తడిగున్నది చెల్లె, ఇయ్యాల వద్దు."

"నువ్వెక్కుతాంటె నేను కూసొని పేలాలు బుక్కాల్నా?"

"అయితె ముడి సూపియ్యి."

"బాయిల బొక్కెన కట్టెటోళ్ళకు ముడి రాదా? నా ముడి నాదే, పో!"

అన్న పైకెక్కి, నా నడుముకు కట్టుకున్న మోకు రెండో కొస పట్టుకున్నాడు. బొక్కెన ముడి బరువు లాగినంతసేపే బిగుసుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు మోకు వదులై, అది మెల్లగా ఊడింది. కాలు జారేసరికి మోకు అన్న చేతిలో, నేను కింద. కుడి మణికట్టు విరిగింది.

కబురు అంది సాయంత్రం రైలుకు తాండూరు నుంచి మా ఆయన వచ్చాడు.

"తప్పు నాదే బావా," అన్నాడు అన్న తల వంచుకుని.

"రేపటి సంది మా ఇంట్ల కాలు వెట్టకు."

అమ్మ నన్ను గిల్లింది, నోరు మెదపొద్దని. కూర్చోలేను, లేవలేను. చెయ్యి సలుపు కన్నా, నా తప్పు అన్న మీదేసుకోవడం ఎక్కువైంది.

"అన్న వద్దన్నడు. ముడి సూపియ్యిమంటె నేనే సూపియ్యలే. తప్పు నాది."

"అంటె నిన్ను తిట్టాల్నా?"

"తిట్టుండ్రి. అన్నను మాత్రం రానియ్యుండ్రి."

తిట్టాడు. తాండూరు దాకా రైల్లో తిడుతూనే ఉన్నాడు. స్టేషన్ బయటికొచ్చాక ఆగి, "రేపు మీ అన్నకు రొట్టె ఎవలు చేస్తరు, చెయ్యి గట్లున్నది?" అన్నాడు.

"నేనే చేస్త."

మర్నాడు ఎడమ చేత్తో జొన్నరొట్టెలు కొట్టాను. ఒక్కటీ విరగకుండా నిలవలేదు. అన్న ఆ ముక్కలే ఏరుకుని తిన్నాడు.